పొద్దుటి పొట్లం

పుంగనూరులో నా పొట్లానికి పేరుండేది. ఇప్పుడు ఆ మాట చెప్పుకోవాలంటే నోరు చేదెక్కుతుంది గానీ, అబద్ధం ఎందుకు, ఉండేది. బస్టాండుకు కాస్త ఎడంగా ఉన్న ఒక మందుల అంగట్లో ఇరవై ఆరేళ్లుగా కౌంటరు వెనక నిలబడుతున్న మనిషిని నేను. గోడకు వేలాడే సర్టిఫికెట్ మీదున్న పేరు నాది కాదు. దాని కింద నిలబడి మందులిచ్చే చేతులు మాత్రం నావే. చదివింది ఇంటరు. మిగతాదంతా డాక్టర్ల చీటీలు చూసి చూసి నేర్చుకున్నదే.

మా అంగడికి వచ్చేవాళ్లలో సగం మందికి చదువు రాదు. మాత్రలను వాటి అట్టపట్టీలతోనే చేతిలో పెట్టి, ఇది పొద్దున, ఇది రాత్రి అని చెబితే మెట్లు దిగేలోపల మరచిపోతారు. బీపీ మాత్ర రోజుకు మూడుసార్లు మింగినవాళ్లను చూశాను. షుగరు మాత్ర మానేసి నొప్పిమాత్రతోనే నెల గడిపినవాళ్లనూ చూశాను. అందుకని పొట్లాలు కట్టడం మొదలుపెట్టాను. పాత క్యాలెండర్ల దళసరి కాగితాన్ని అరచేయంత ముక్కలుగా కోసి, ఒక పూట మాత్రలన్నీ ఒక ముక్కలో పోసి మడిచేవాణ్ని. పొద్దుటి పొట్లం మీద సూర్యుడు, మధ్యాహ్నం పొట్లం మీద కంచం, రాత్రి పొట్లం మీద నెలవంక. ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసేవాణ్ని. డాక్టరు చీటీలో 1-0-1 అని రాస్తే నాకది చాలు. మొదటి అంకె ఉన్న మాత్రలన్నీ సూర్యుడిలోకి, చివరి అంకె ఉన్నవన్నీ నెలవంకలోకి. ఆ అంకెల కింద డాక్టరు ఇంకేమైనా రాసినా నా కన్ను అక్కడికి పోయేది కాదు.

పండ్లబండి నడిపే సాయిబొకాయన నెలనెలా వచ్చి, "భాయ్, మా అమ్మీకి నీ చేతి పొట్లమే కావల్లంట. పట్టీలిస్తే ఇసిరి కొడతాండాది" అనేవాడు. నాకు ఛాతీ జానెడు పొంగేది. పొంగదా మరి? డాక్టరు దగ్గర రెండు నిమిషాలు కూర్చుని, నా దగ్గర పావుగంట నిలబడే మనుషులు వాళ్లంతా. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దని, యాంటీబయాటిక్ పాలతో వేసుకోవద్దని ఊరందరికీ చెప్పేవాణ్ని నేను. పాలకూ మాత్రకూ పడదని తెలిసినవాడికి మాత్రకూ మాత్రకూ కూడా పడకపోవచ్చని ఒక్కనాడైనా తట్టాలి కదా. తట్టలేదు.

మా అక్కది కుప్పం వైపు, రామకుప్పం దగ్గర ఒక పల్లె. నాకన్నా పదకొండేళ్లు పెద్దది. నాకు ఐదో ఏడు రాకముందే మా అమ్మ పోయింది. అప్పటినుంచి నాకు తల అంటిందీ, సంగటి ముద్ద పెట్టిందీ, బడికి పోనంటే బరికె తీసుకుని తరిమిందీ ఆమే. బడికి ఆమె పోలేదు. నన్ను పంపడానికి ఆమె కూలికి పోయిందని పెద్దయ్యాక ఎవరో చెబితే తెలిసింది. పెళ్లయి ఆ పల్లెకు పోయింది. మొగుడు తొందరగా పోయాడు. ఒక్క కొడుకు, వాడికి పెండ్లాం, వాళ్లకు ఒక కూతురు. రాగి, టమాటా, చిక్కుడు పండించుకుని బతికే ఇల్లు. ఒకసారి ఏనుగులు పడి రాగిచేను సగం తొక్కేస్తే చూడడానికి పోయాను. నేనే ఏడుపు మొహం పెట్టాను గానీ ఆమె, "దాని కడుపు సూడరా, ఎంత ఉండాదో! అది తిన్నంత తినింది, మిగిలింది మనది" అని నవ్వింది. అట్లాంటి మనిషి. నోరు మాత్రం గట్టిది, ఊరి సర్పంచి కూడా ఆమెను చూసి సందు మారేవాడు.

ఆమె గొంతు దగ్గర గడ్డ లేచింది. మొదట కంది గింజంత, తర్వాత నిమ్మకాయంత. పరీక్షల్లో అది కేన్సరని తేలింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. తర్వాత, మిగిలిన రోగాన్ని కాల్చే రేడియేషన్ అయోడిన్ మందు తాగించి, నాలుగు దినాలు విడిగా ఒక గదిలో ఉంచి పంపారు. ఇక అప్పుడప్పుడూ చూపించుకోవడానికి మదనపల్లెలో ఒక డాక్టరమ్మ దగ్గరకు పంపారు. ఆ మొదటి రోజు నేనూ మా మేనల్లుడూ అక్క వెంట పోయాం.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "గ్రంథి చేసే పని ఇక ఈ మాత్ర చెయ్యాలమ్మా, బతికినన్నాళ్లూ. రక్తంలో మేము ఒక అంకె చూస్తాం. అది సున్నాకు దగ్గరగా ఉండాలి. పైకి పోయిందంటే, లోపల ఎక్కడైనా రోగం విత్తనం ఒక్కటి మిగిలున్నా దానికి నీళ్లు పోసినట్టే." ఆపరేషన్‌లో పక్కనున్న చిన్న గ్రంథులు కూడా దెబ్బతిన్నాయట, అందువల్ల ఒంట్లో కాల్షియం పడిపోతోంది. అక్క చేతివేళ్లు కొంకర్లు పోతుండేవి. దానికి కాల్షియం మాత్రలు. "ఈ రెండు మాత్రలూ ఎట్లా వేసుకోవాలంటే..." అని డాక్టరమ్మ మొదలుపెట్టిందో లేదో, మేనల్లుడు అడ్డం పడ్డాడు.

"మా మామ మందుల అంగట్లోనే ఉండాడు మేడం. ఆయనకి అన్నీ తెలుసు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె చీటీ మీద ఏదో రాసి నా చేతికిచ్చి, తర్వాతి వాళ్లను పిలిచింది. బయట అరవై మంది కూర్చుని ఉన్నారు, ఆమెను తప్పు పట్టడానికి లేదు. చీటీలో థైరాయిడ్ మాత్ర 1-0-0. కాల్షియం 1-0-1. కింద ఇంగ్లీషులో సన్నటి అక్షరాలతో రెండు వరుసలు. వాటిని నేను చదవలేదు. చదవలేక కాదు, చదివే అలవాటు లేక.

ఆ రాత్రే కూర్చుని నెలకు సరిపడా పొట్లాలు కట్టాను. సూర్యుడి పొట్లంలో చిన్న తెల్ల మాత్ర ఒకటి, సుద్దముక్కలాంటి కాల్షియం మాత్ర ఒకటి. నెలవంకలో కాల్షియం ఒక్కటే. మా అక్కకు కట్టే పొట్లమని మామూలుకన్నా శ్రద్ధగా మడిచాను. ఆదివారం పలమనేరు మీదుగా బస్సులో కుప్పం పోయి, అక్కడినుంచి ఆటోలో పల్లెకు పోయి ఇచ్చి వచ్చాను. "పొద్దున లేస్తానే సూర్యుడి పొట్లం, పరగడుపున, నీళ్లతో" అని చెప్పాను. పరగడుపు అనే ముక్క వరకు నాకు తెలుసు. కడుపులో అన్నం లేకుండా చూసి, అన్నానికి బదులు సుద్ద పోశాను.

రెండు నెలల తర్వాత పరీక్ష చేస్తే అంకె ఎక్కువగా వచ్చింది. డాక్టరమ్మ, "రోజూ వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగింది. "వేసుకుంటాండా మేడం, ఒక్క దినం కూడా ఇడిసిపెట్టలేదు" అంది అక్క. మాత్ర బలం పెంచారు. మళ్లీ రెండు నెలలకు చేస్తే ఇంకా పైకి పోయింది. ఈసారి డాక్టరమ్మ అక్కను అడగలేదు. మేనల్లుడిని అడిగింది. "నిజంగా వేసుకుంటోందా? చాలామంది పారేస్తుంటారు. ఇంత మోతాదుకు ఈ అంకె రాకూడదు."

ఆ మాట వాడి చెవిలో పడింది. ఇక చూడాలి.

అప్పటికే అక్క మనిషి మారిపోతూ ఉంది. మొహం ఉబ్బింది. గొంతు మగవాళ్ల గొంతులా బొంగురు పోయింది. ఎండాకాలం ఊరంతా ఉడికిపోతుంటే ఆమె దుప్పటి కప్పుకుని గోడ వారగా కూర్చునేది. సంగటిలో ఉప్పు రెండుసార్లు వేసేది, ఇంకోరోజు అసలు వేసేది కాదు. ఒకనాడు టమాటా తోటలో గంప పక్కనే ఒరిగి నిద్రపోతే, పాము కరిచిందేమోనని కూలీలు కేకలు పెట్టారట. సర్పంచిని సందు మార్పించిన నోరు, ఒక్క మాట చెప్పడానికి గడియసేపు వెతుక్కునేది.

"కావల్లనే మింగడం లేదు మామా. సచ్చిపోవల్లని ఉండాదేమో ఆయమ్మకి" అని మేనల్లుడు ఫోనులో అరిచాడు. వాడు చెడ్డవాడు కాదు. పొద్దున తోట, మధ్యాహ్నం మండీ, సాయంత్రం ఆస్పత్రి అని తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషి. వాడిని తిట్టాల్సింది పోయి నేనూ వంత పాడాను.

నీరసంగా ఉందంటే రక్తం తక్కువై ఉంటుందని నేనే తేల్చాను. నేనే డాక్టరునయ్యాను. ఎర్రటి ఐరన్ మాత్ర ఒకటి, జింకు, మెగ్నీషియం కలిసిన బలం మాత్ర ఒకటి పొద్దుటి పొట్లంలో చేర్చాను. ఏ డాక్టరూ రాయలేదు. డాక్టరమ్మకు చెప్పను కూడా లేదు. బలం మాత్రలకు కూడా చీటీ ఎందుకు అనుకున్నాను. విటమిన్లు, ఖనిజాలు అంటే కూరలో కొత్తిమీర వేసినట్టని నా లెక్క, వేస్తే మంచిదే, వేయకున్నా నష్టం లేదు. ఆమె నీరసం ఇంకా పెరిగింది. నేను బలం మాత్రలు ఒకటికి రెండు చేశాను.

ఇక ఆ ఆదివారం సంగతి. అది రాయకుండా దాటేద్దామని మూడుసార్లు కాగితం చించాను.

శనివారం సాయంత్రమే పల్లెకు పోయి పడుకుని, పొద్దున్నే లేచి అక్క ముందు కూర్చున్నాను. "ఈరోజు నా కండ్ల ముందర మింగు" అన్నాను. ఆమె పొట్లం విప్పి, మాత్రలన్నీ నోట్లో వేసుకుని చెంబెత్తి నీళ్లు తాగింది.

"నోరు తెరువు" అన్నాను.

"ఏందిరా?"

"తెరువు అక్కా. నాలుక ఎత్తు. సూడల్ల."

మనవరాలు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఏడేళ్ల పిల్ల. అక్క ఒకసారి ఆ పిల్ల వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగి నోరు తెరిచింది. నాలుక ఎత్తింది. కుడి బుగ్గ, ఎడమ బుగ్గ వేలితో లాగి చూపించింది. ఏమీ లేదు. అన్నీ మింగేసింది.

"ఇంగా ఏమన్నా సూడల్లనా?" అంది, ఆ బొంగురు గొంతుతో.

నేనైనా అక్కడ ఆగానా? నేను పోయాక ఉమ్మేస్తోందేమో అనుకున్నాను. "నా మీద ఒట్టెయ్యి, దినామూ మింగుతాండావని" అన్నాను. "నీ మీద ఒట్టెయ్యనురా. నీకేమన్నా అయితే?" అంది. ఒట్టు వేయలేదు కాబట్టి అబద్ధమే అని తిరుగు బస్సులో నిర్ధారించుకున్నాను. థూ నా బతుకు.

ఇంకో మూడు నెలలకు మూడోసారి పరీక్షకు మదనపల్లె పోయినప్పుడు అంకె పరీక్ష యంత్రం చూపించగలిగినంత పైకి పోయింది. డాక్టరమ్మ గది బయట బరువూ బీపీ చూసే నర్సమ్మ ఉంటుంది, నా వయసు మనిషి, మాటలో మెత్తదనం లేదు. కాగితాలు తిప్పి తిప్పి చూసి, "చీటీ వద్దు. నువ్వు మింగే మాత్రలు యాడ? అవి సూపీ" అంది అక్కను. అక్క కొంగు ముడి విప్పి ఆ మరుసటి రోజు పొట్లం తీసి ఇచ్చింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. సూర్యుడి బొమ్మ చూసి నర్సమ్మ మెచ్చుకుంటుందేమోనని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం.

ఆమె పొట్లం విప్పింది. మాత్రలను వేలితో కదిపింది. చిన్న తెల్లది, సుద్దలాంటిది, ఎర్రవి, బలం మాత్రలు.

"ఇవన్నీ ఒకే తూరి మింగుతాండావా?"

"అవునమ్మా. పొద్దున్నే, పరగడుపున."

"అయ్యో నా రాత! కాల్షియము, ఐరను ఈ థైరాయిడ్ మాత్రని కడుపులోనే కట్టేస్తాయి కదమ్మా. రక్తంలోకి పోనీవు. ఇది మింగినాక నాలుగు గంటలన్నా కాకుండా అవి తాకకూడదు. చీటీలో రాసే ఉండాది కదా, ఇదో, ఈడ!" ఆ సన్నటి రెండు వరుసల మీద ఆమె గోరు పెట్టి కొట్టింది. "పట్టీలోనించి తీసేసి గాలికి పెట్టినారు, అది ఇంకొక తప్పు. ఈ ఐరను ఎవురు రాసినారు? ఏడు నెలలుగా నువ్వు మాత్ర మింగినట్టే లేదు పో. ఎవురమ్మా ఇట్ల పొట్లం కట్టిచ్చింది?"

నోరు తెరవాలి. 'నేనే' అనాలి. రెండు అక్షరాలు. నా పక్కన మేనల్లుడు ఉన్నాడు, వరసలో కూర్చున్న వాళ్లలో పుంగనూరు మొహాలు ఇద్దరివి ఉన్నాయి.

"నేనే అమ్మా" అంది అక్క. "మా తమ్ముడు యేరేగా కట్టిచ్చినాడు. నేనే అన్నీ ఒగదాంట్లో పోసుకుంటి. ఎర్ర మాత్రలు కూడా నేనే తెచ్చుకుంటి. సదువు లేని ముండని, నాకేం తెలుసు?"

మేనల్లుడు తల పట్టుకున్నాడు. "సూసినావా మామా? సూసినావా?" అన్నాడు. నర్సమ్మ అక్కను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. అక్క తల ఊపుతూ కూర్చుంది. నేను? నాకు ఊపిరి ఆడింది. ఇంతకుమించి నన్ను నేను ఎలా చెప్పుకోను? అక్క మీద జాలి తర్వాత వచ్చింది, సిగ్గు ఇంకా తర్వాత వచ్చింది, ముందు వచ్చింది మాత్రం బయటపడ్డానన్న నెమ్మది.

మదనపల్లె బస్టాండులో మేనల్లుడు నీళ్లసీసాకు పోయినప్పుడు అడిగాను. "యాల అక్కా అట్ల సెప్తివి?"

"నేను కలుపుకుంటినంటే నన్నేం సేస్తారు? తిడతారు. తిట్టనీ. నువ్వు కట్టినావంటే రేపు నీ అంగడికి ఎవురొస్తారు? నీ బిడ్డ సదువు కావల్ల గదా." మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతూ చెప్పింది.

"వాడికన్నా సెప్తానక్కా. నిన్ను ఉత్తపుణ్యానికి తిడతాండాడు."

"వాడికి ముక్కు మీద కోపం. నీ మీదికి దూకుతాడు. నాకు ఉండేది మీరిద్దరే. మీరిద్దరూ మాట్లాడుకోకుండా పోతే నేనెవురితో మాట్లాడల్ల? గమ్మున ఉండు."

"నా మీద కోపం లేదా?"

"మాత్రలకి లేదు. నీకు తెలిసి సేసినావా ఏమన్నా? నోరు తెరిపించినావు సూడు, బిడ్డ ముందర. ఆ దినం వచ్చింది కోపం."

కంచే చేను మేసిందంటారు. ఆ కంచెకు చేను సంజాయిషీ చెప్పుకోవడం మాత్రం నేను అక్కడే చూశాను.

ఆ తర్వాత పొట్లాలు లేవు. పట్టీలు పట్టీలుగానే ఇచ్చాను. చిన్న తెల్ల మాత్ర పొద్దున లేవగానే ఉత్త నీళ్లతో, ఆవు పాలు పితకడానికి పోయే ముందు. అంబలి గంట తర్వాత. కాల్షియం మధ్యాహ్నం సంగటి తిన్నాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. ఐరన్ సంగతి డాక్టరమ్మ రక్తపరీక్ష చేసి చెబుతానంది, అంతవరకు వద్దంది. బలం మాత్రలు పెంటదిబ్బలో పోశాం. ఇదంతా అక్కకు నేర్పడానికి ఎంతసేపు పట్టింది? రెండు నిమిషాలు. "ఆవుకి ముందు చిన్నది, సంగటికి ఎనక పెద్దది. ఇంతేనా? ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అంది. ఇరవై ఆరేళ్లు నేను మా ఊరి జనానికి అర్థం కాదని పొట్లాలు కట్టాను. ఒక్కరిని కూర్చోబెట్టి చెప్పి చూడలేదు.

రెండు నెలల్లో ఆమె తిరిగి వచ్చింది. నిజంగా, ఎక్కడికో పోయిన మనిషి తిరిగి వచ్చినట్టే. మొహం వాపు దిగింది. దుప్పటి వదిలేసింది. ఒకరోజు ఫోను చేసి, పక్కింటామె కోడి తన పుదీనా మడి గెలికిందని పావుగంట తిట్టింది. గొంతులో పాత ఖంగు. ఆ తిట్లు వింటూ కౌంటరు వెనక నిలబడి ఏడ్చాను. మందుకొచ్చిన ఆమె ఎవరో భయపడి, "ఏమైందప్పా, ఎవురన్నా పోయినారా?" అని అడిగింది. అంకె కూడా దిగింది. డాక్టరమ్మ నవ్వింది. మేనల్లుడు, "ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది ఆయమ్మకి" అన్నాడు.

అంగట్లో కూడా థైరాయిడ్ మాత్రలవాళ్లందరికీ పద్ధతి మార్చేశాను. ఎందుకని అడిగితే, కొత్తగా వచ్చిన రూలు అన్నాను. ఒక టీచరమ్మ రెండు నెలల తర్వాత వచ్చి, ఒళ్లు తేలికైందని, నీ చెయ్యి మంచిదని మెచ్చుకుంది. ఆమెకు ఐదేళ్లు కాల్షియం కలిపి కట్టింది ఆ చెయ్యే. ఇంకా ఎంతమందికి కట్టానో, అందులో ఎవరు ఏమయ్యారో, నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు, అంత ధైర్యం లేదు.

అక్కకు దగ్గు మొదలైంది. చలికాలం కదా అనుకున్నాం. అనపకాయల రోజులు, మంచుకు చేలోకి పోయి కోసుకొస్తోందని తిట్టాం. దగ్గు తగ్గలేదు. స్కాను తీస్తే ఊపిరితిత్తుల్లో మచ్చలు. చిన్న చిన్నవి, చాలా.

నేను ఒక్కణ్నే డాక్టరమ్మ గదిలోకి పోయి అడిగాను. "ఆ ఏడు నెలలు మాత్ర సరిగా పడుంటే ఇది వచ్చేది కాదా మేడం?" "అట్లా ఖచ్చితంగా చెప్పలేం. సరిగా వేసుకున్నా కొందరికి వస్తుంది. కానీ ఆ అంకె అంత పైన అంతకాలం ఉండకుండా ఉంటే బాగుండేది" అంది. తర్వాత నన్ను ఓదార్చడానికి, "మీరేం చేస్తారు, చదువు లేనివాళ్లు ఎంత చెప్పినా వినరు" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అక్క లేదు, మేనల్లుడు లేడు, పుంగనూరు మొహం ఒక్కటీ లేదు. "అవును మేడం" అని బయటికి వచ్చాను.

మళ్లీ ఆ అయోడిన్ మందు తాగించారు. పని చేయలేదు. రాగి కోతలు అయిపోయిన కొన్నాళ్లకు, కాదు, ఆ మరుసటి ఏడాది కోతలు అయిన కొన్నాళ్లకు, అక్క పోయింది. చివరి నెలల్లో కూడా తెల్ల మాత్ర ముందు, సుద్ద మాత్ర తర్వాత, గడియారం చూడడం రాకపోయినా ఒక్కనాడు తప్పలేదు. ఊపిరి అందకపోతున్నా మధ్యాహ్నం దాకా ఆగి కాల్షియం అడిగేది. నేను పోయినప్పుడల్లా, మేమిద్దరమే ఉన్నప్పుడు, వాడికి చెప్పేదా అని కళ్లతో అడిగేవాణ్ని. ఆమె తల అడ్డంగా తిప్పేది. ఆమె వద్దంది కాబట్టే చెప్పలేదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆమె వద్దనకపోయినా నేను చెప్పేవాణ్ని కాను.

పదకొండో దినం ఇంటినిండా జనం. విస్తరాకులు ఎత్తేశాక మగవాళ్లంతా పందిట్లో కూర్చున్నారు. మేనల్లుడు నా పక్కకు వచ్చి కూర్చుని, అందరికీ వినబడేటట్టు, "ఈ మామ చేసిందానికి ఈయన కాళ్లు కడిగి నెత్తిన పోసుకున్నా రుణం తీరదు" అన్నాడు. "పుంగనూరు నించి నెలనెలా బస్సులో వచ్చి మందులిచ్చి పోతాండె. మాయమ్మే ఇనలేదు. ఇష్టమొచ్చినట్ల కలుపుకొని తినె. సరిగ్గా మింగింటే ఈ పొద్దు బతికి ఉండును." పెద్దవాళ్లు పెదవులు చప్పరించారు. ఒకాయన, ఆడవాళ్లకు మొండితనం ఎక్కువ అన్నాడు. ఇంకొకాయన, రాత అన్నాడు. అందరూ నా వైపు గౌరవంగా చూశారు. ఎవరో నాకు మంచినీళ్లు తెచ్చిచ్చారు.

మనవరాలు వాళ్ల నాయన మోకాలి మీద చెయ్యి పెట్టి నిలబడి వింటోంది. అక్క అంటే ఆ పిల్లకు ప్రాణం. అక్క నోరు తెరిచి చూపించిన ఆ పొద్దు తలుపు దగ్గర ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. పూట పూటా మాత్రలు మింగడం చూసింది కూడా ఆ పిల్లే. ఆ పిల్ల నా ముందుకు వచ్చి మొహంలోకి చూసింది.

"తాతా, అవ్వ దినామూ మింగతానే ఉండె కదా. నేను సూసినాను. అవ్వదే తప్పంట, నిజమా?"

పందిట్లో అందరూ ఆగి నా జవాబు కోసం చూశారు.

"నిజమే అమ్మా" అన్నాను.